కోన వాగుకు నీళ్లెక్కడివి?

ఫిబ్రవరి నెలాఖరుకు నెల్లూరు జిల్లా దుత్తలూరు, ఉదయగిరి వైపు చెరువుల్లో చాలావాటికి అడుగు బయటపడుతుంది. ఈశాన్య రుతుపవనాలు డిసెంబరుతోనే సెలవు తీసుకుంటాయి. ఆ తర్వాత చెప్పుకోదగ్గ వాన ఉండదు. బోర్లలో నీళ్లు దిగిపోతుంటాయి, మెట్ట పొలాల్లో కంది మోళ్లు మిగిలి ఉంటాయి. అదే రోజుల్లో పడమటి వెలికొండల్లోకి ఏ కోన పట్టుకుని వెళ్లినా, రాళ్ల సందున సన్నగానైనా నీళ్లు పారుతూ కనిపిస్తాయి. దుత్తలూరు నుంచి దక్షిణంగా వెళ్లి, పెన్నా దాటి, రాపూరు మండలంలోని పెంచలకోన చేరితే గుడి పక్కనే వాగు. అడవిలోకి ఇంకొంచెం నడిస్తే బండల మీద నుంచి దూకే నీళ్లు. చినుకు లేక రెండు నెలలు దాటింది కదా, ఈ నీళ్లెక్కడివి?

కొండ మీద ఎవరికీ కనపడని పెద్ద చెరువు ఉందంటారు కొందరు. స్వామి మహిమ అంటారు ఇంకొందరు. పైన చెరువేదీ లేదు. కానీ ఆ మొదటి జవాబు పూర్తిగా తప్పు కూడా కాదు. నీళ్ల నిల్వ ఉన్నమాట నిజమే, అది ఉన్న చోటే వేరు.

ఇదే వాగు నవంబరులో మరో మనిషిలా ప్రవర్తిస్తుంది. కింద ఎండ కాస్తుంటుంది, జనం మోకాలి లోతు నీళ్లలో స్నానాలు చేస్తుంటారు. ఉన్నట్టుండి నీళ్లు ఎర్రబారతాయి. అరగంట తిరక్కముందే దాటి వచ్చిన బండ కనపడకుండా పోతుంది. నెలల తరబడి నిదానంగా పారేదీ, నిమిషాల్లో విరుచుకుపడేదీ ఒకే వాగు. ఈ రెండు గుణాలకూ కారణం కూడా ఒకటే. అది ఆ కొండ రాయిలో ఉంది.

రాయి పీల్చదు, పగులు పీలుస్తుంది

వెలికొండలు కడప బేసిన్‌కు, అంటే ఒకనాటి సముద్రంలో రాళ్ల పొరలు పేరుకున్న పెద్ద పల్లానికి, తూర్పు అంచు. నెల్లూరు వైపు మైదానానికీ కడప వైపు లోయలకూ మధ్య ఉత్తర దక్షిణంగా సాగిన కొండల వరస ఇది. వీటిలో ఎక్కువగా కనిపించేది క్వార్ట్‌జైట్. ఒకప్పుడు సముద్రపు ఒడ్డున పేరుకున్న ఇసుక భూమి లోపలి ఒత్తిడికీ వేడికీ ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడిన రాయి. వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. నేల మీద ఇంకా చెట్టూ చేమా పుట్టని కాలమది. కడప బేసిన్ క్వార్ట్‌జైట్ పలకల్లో కొన్నింటి మీద ఆనాటి అలలు ఇసుకలో గీసిన చారలు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంటాయి. వేలితో తడిమితే మిట్టా పల్లం చేతికి తెలుస్తాయి. ఈ క్వార్ట్‌జైట్ పొరల నడుమ పలకరాయి, ఫిల్లైట్ లాంటి మెత్తటి బురదరాళ్ల పొరలున్నాయి. అవి ఒకనాటి సముద్రపు అడుగు బురద.

క్వార్ట్‌జైట్ నీళ్లు పీల్చే రాయి కాదు. ఇసుక రేణువుల మధ్య ఖాళీలన్నీ సిలికాతో పూడిపోయాయి. పిడికెడు ముక్కను రాత్రంతా నీళ్లలో నానబెట్టి పొద్దున పగలగొట్టినా లోపల పొడిగానే ఉంటుంది. కత్తి మొనతో గీస్తే రాయి మీద గీత పడదు, కత్తి ఇనుమే రాయికి అంటుకుని మెరుస్తుంది. అంత గట్టిది.

అయితే ఎంత గట్టిదో అంత పెళుసు. చాలా కాలం కిందట ఈ పొరలను తూర్పు నుంచి భూమి బలంగా నెట్టింది. దుత్తలూరు, ఉదయగిరి మైదానం కింద ఉన్న ఇంకా పాత రాళ్లు పడమటికి జరిగి ఈ కొండల పొరల మీదికి ఎక్కాయి. ఆ ఒత్తిడికి మెత్తటి పలకరాయి వంగింది, మడతపడింది. క్వార్ట్‌జైట్‌కు వంగడం చేతకాదు కనుక పగిలింది. నిలువునా, అడ్డంగా, ఏటవాలుగా పగుళ్లు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయాయి. వాన నీళ్లు కొండలోకి దిగేది ఈ పగుళ్ల గుండానే. కొందరు చెప్పే ఆ కనపడని చెరువు ఇదే. లక్షల పగుళ్లుగా చీలిపోయి, కొండంత ఎత్తున నిలువుగా నిలబడిన చెరువు.

కిందికి దిగిన నీళ్లకు ఎక్కడో ఒకచోట మెత్తటి బురదరాయి పొర అడ్డం వస్తుంది. దానిలో పగుళ్లు ఏర్పడినా బంకమట్టితో పూడుకుపోతాయి. నీళ్లు ఇక కిందికి పోలేక ఆ పొర వెంబడి పక్కకు జరుగుతాయి. వాగు తవ్విన లోయ ఆ పొరను కోసిన చోట బయటికి వస్తాయి. మనవాళ్లు ఊట అనేది దాన్నే. కోనలోకి నడుస్తూ గట్టు వైపు చూడండి. చుట్టూ రాయి ఎండి ఉన్నా ఒక గీత వెంబడి మాత్రం నాచు పచ్చగా ఉంటుంది. దాని కింద రాయి మారి ఉంటుంది.

వెంట్రుకంత పగులు చేసే పని

పగుళ్లన్నీ ఒకే వెడల్పులో ఉండవు. వేలు దూరేవి ఉంటాయి, వెంట్రుక కూడా దూరనివి ఉంటాయి. అసలు కీలకం ఈ తేడాలోనే ఉంది.

పగులు వెడల్పు రెట్టింపైతే దానిలో పారే నీళ్లు రెట్టింపు కావు, ఎనిమిది రెట్లవుతాయి. వెడల్పు పది రెట్లైతే నీళ్లు వెయ్యి రెట్లు. సన్నటి సందులో నీళ్లకు రెండు పక్కలా రాయి తగులుతూ ఉంటుంది, ఆ రాపిడి వాటిని దాదాపు నిలబెట్టేస్తుంది. సందు కాస్త వెడల్పైతే నడిమి నీళ్లకు అడ్డు తగ్గి పరుగు అందుకుంటాయి. మిల్లీమీటరు పగులు ఒక గంటలో వదిలే నీటిని, అదే వాలులో ఉన్న పదోవంతు మిల్లీమీటరు పగులు వదలాలంటే వెయ్యి గంటలు కావాలి. అంటే నలభై రోజులకు పైనే.

ఇప్పుడు వాగు స్వభావం అర్థమవుతుంది. గట్టి వాన పడినప్పుడు పెద్ద పగుళ్లు గంటల్లో ఖాళీ అవుతాయి, అది వరద. మధ్య రకం పగుళ్లు వారాల పాటు కారుతాయి, అది సంక్రాంతికి మనం చూసే నిండు వాగు. ఆ తర్వాత మిగిలేది వెంట్రుకంత పగుళ్లలోని నీళ్లు. ఒక్కో దాని నుంచి వచ్చేది బొట్లు బొట్లుగానే. కానీ లెక్కలేనన్ని పగుళ్లు కలిసి ఫిబ్రవరి, మార్చి నెలల్లో కూడా వాగు తడి ఆరనివ్వవు. ఎండ ముదిరే కొద్దీ ధార సన్నబడుతుంది, జలపాతం బండకు అంటుకుని జారే చారగా మారుతుంది. అప్పటికీ గుండాల్లో, దొనల్లో నీళ్లుంటాయి.

మైదానపు చెరువు కథ వేరు. అది ఆకాశానికి తెరుచుకుని ఉంటుంది. ఎండ రోజూ పైనుంచి తాగుతుంది, తూము కింద పొలం తాగుతుంది. కొండ పగుల్లో దాగిన నీళ్లను ఎండ తాకలేదు.

*బాక్సు: కొత్త వానకు పాత నీళ్లు*

వాన పడగానే వాగు పొంగుతుంది కాబట్టి, పొంగిన నీళ్లు ఆ వానవే అనుకుంటాం. 1970ల దాకా శాస్త్రవేత్తలూ చాలామంది అలాగే అనుకున్నారు. నీటి అణువుల్లో కొన్నింటిలో మామూలు ఆక్సిజన్‌కు బదులు కాస్త బరువైన ఆక్సిజన్ ఉంటుంది. ఒక్కో వానలో ఈ బరువు అణువుల పాలు ఒక్కో రకంగా ఉంటుంది కనుక, అది ఆ వాన వేలిముద్ర. 1979లో మైకేల్ స్క్లాష్, రాబర్ట్ ఫర్వోల్డెన్ కెనడాలోని చిన్న వాగుల్లో ఈ వేలిముద్రలు పరీక్షించి చూశారు. వరదలో ఎక్కువ పాలు అంతకుముందే నేలలో నిల్వ ఉన్న పాత నీళ్లదని తేలింది. తర్వాత ప్రపంచంలో అడవుల్లోని చిన్న వాగుల్లో చాలావాటిలో ఇదే కనిపించింది.

ఇంట్లో నీళ్లతో నిండి ఉన్న రబ్బరు గొట్టానికి కుళాయి తిప్పండి. అవతలి కొస నుంచి నీళ్లు వెంటనే దూకుతాయి. దూకినవి కుళాయి నుంచి ఇప్పుడు వచ్చినవి కావు, గొట్టంలో ముందే ఉన్నవి. కొత్త నీళ్లు వెనక నుంచి తోశాయి, అంతే. నేలా, పగుళ్లూ అప్పటికే నిండి ఉంటే కొండలోనూ జరిగేది ఇదే. అందుకే అక్టోబరు మొదటి వానకు పెద్దగా కదలని వాగు, నవంబరులో అంతే వానకు ఉరకలేస్తుంది.

మబ్బు కొండనే ఎందుకు పట్టుకుంటుంది

నెల్లూరు జిల్లాకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం మీద నుంచి ఈశాన్య గాలులు వీస్తాయి. వాయుగుండాలు, తుపాన్లు వచ్చేదీ అప్పుడే. సముద్రం మీద తేమ నింపుకున్న ఆ గాలికి తీరం దాటాక మొదట ఎదురయ్యే పెద్ద గోడ వెలికొండలు. ఉదయగిరి దుర్గం ఎత్తు సుమారు 3 వేల అడుగులు. గాలి పక్కకు తప్పుకోలేక పైకి ఎక్కుతుంది. ఎక్కే కొద్దీ చల్లబడుతుంది. చల్లబడిన గాలి మునుపటంత తేమను మోయలేదు, కొండ నెత్తి మీదే కుమ్మరిస్తుంది. ఆత్మకూరు రోడ్డు మీద నిలబడి చూస్తే మనకు ఎండ, పడమట కొండల మీద నల్లటి మబ్బు. ఈ దృశ్యం ఆ వైపు వాళ్లకు కొత్తేమీ కాదు.

ఒక్క సెంటీమీటరు వాన చదరపు కిలోమీటరు మీద పడితే కోటి లీటర్లు. కోనకు నీళ్లిచ్చే కొండ వాలు అయిదు చదరపు కిలోమీటర్లే అనుకుందాం. దాని మీద పది సెంటీమీటర్ల వాన పడితే యాభై కోట్ల లీటర్లు. వాతావరణ శాఖ లెక్కలో పది సెంటీమీటర్లంటే 'భారీ వర్షం'. 'అతి భారీ' మొదలయ్యేది 11.56 సెంటీమీటర్ల దగ్గర. ఇన్ని నీళ్లూ దిగాల్సింది ఒకే ఇరుకు కోన గుండా.

కొండ మీద మట్టి జానెడు మందమే. పగుళ్లు నిండాక మిగిలిన చినుకుకు వెళ్లడానికి చోటు లేదు, నున్నటి బండ మీద జారి వాగులో పడాల్సిందే. వాలు నిలువుగా ఉంటుంది కనుక కొండ కొస నుంచి గుడి దాకా రావడానికి గంట కూడా పట్టకపోవచ్చు. కిందనున్న మనకు ఒక్క చినుకు కూడా తగలకుండానే వరద వస్తుంది. ఇందులో వింత లేదు. వాన మన మీద పడలేదు, వాగు మీద పడింది.

ఈ కొండలకు అవతలి వైపు, కడప దిక్కున ఏం జరగగలదో 2021లో చూశాం. ఆ నవంబరులో వాయుగుండం వానలకు చెయ్యేరు పొంగింది. 19వ తేదీ తెల్లవారుజామున రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, దిగువ ఊళ్లను నీళ్లు ముంచేశాయి. ఆ నీళ్లు పెన్నాలో కలిసి సోమశిల జలాశయానికి వచ్చాయి. నెల్లూరు దాకా పెన్నా గట్టు ఊళ్లన్నీ ఆ రాత్రులు నిద్రపోలేదు. కొండవాగు చిన్నదే కావచ్చు. అలాంటివి వందల వాగులు ఒకే గంటలో పొంగితే నది చిన్నది కాదు.

బండలు మెట్లెందుకయ్యాయి, గుండాలు ఎవరు తవ్వారు

ఇక కళ్లకు ఇంపైన భాగానికి వద్దాం. కోన వాగు సాఫీగా పారదు. కొంత దూరం బండ మీద పలచగా పరుచుకుంటుంది, హఠాత్తుగా దూకుతుంది, లోతైన మడుగులో కాసేపు తిరుగుతుంది, మళ్లీ ఉరుకుతుంది. దీని వెనక ఉన్నదీ ఆ రాళ్ల తేడాయే. మెత్తటి పలకరాయిని వాగు ఇట్టే అరగదీస్తుంది. పైనున్న క్వార్ట్‌జైట్ అరగదు, కానీ కింద ఆధారం పోయాక తనకున్న నిలువు పగులు దగ్గర పెళ్లగిలి పడిపోతుంది. ఒక మెట్టు తయారవుతుంది. పడిన బండలు కింద పోగుపడి నీళ్లకు అడ్డుకట్టలవుతాయి, వాటి మీద నుంచి నురగలు. ఇదే పని వేల ఏళ్లు సాగితే జలపాతం అంగుళం అంగుళం కొండలోకి వెనక్కి జరుగుతుంది. చంద్రశేఖరపురం మండలంలోని భైరవకోనలో సుమారు 200 అడుగుల ఎత్తు నుంచి దూకే నీళ్ల వెనకా ఇలాంటి కథే ఉంది. ఆ కోనలోనే కొండను తొలిచి చెక్కిన ఎనిమిది శివాలయాలున్నాయి. పైన నీళ్లు, కింద ఉలి, ఒకే కోనలో రెండు చెక్కడాలు.

గుండాల సంగతి ఇంకా ముచ్చటైనది. బండలో ఎక్కడో చిన్న గుంట ఉంటుంది. వరదలో కొట్టుకొచ్చిన గులకరాయి దానిలో పడుతుంది. నీటి సుడి ఆ రాయిని గిరగిరా తిప్పుతుంది. గులకరాయీ క్వార్ట్‌జైటే, బండా క్వార్ట్‌జైటే, కనుక రెండూ అరుగుతాయి. గులకరాయి అరిగిపోతే మరుసటి ఏడు వరద ఇంకొకటి తెచ్చి వేస్తుంది. అలా వేల వరదలకు గుంట గుండమవుతుంది. ఎండాకాలంలో ఎండిన గుండంలో చెయ్యి పెట్టి చూస్తే అడుగున నున్నటి గుండ్రాళ్లు తగులుతాయి. తవ్విన పనిముట్లు అక్కడే ఉన్నాయన్నమాట.

ఈ పనంతా జరిగేది ఏడాదిలో కొద్ది గంటలే. నీటి వేగం రెట్టింపైతే అది దొర్లించగల రాయి బరువు రెట్టింపు కాదు, దాదాపు అరవై నాలుగు రెట్లవుతుంది. మామూలు రోజున కిలో రాయిని కదిలించే వాగు, వేగం రెట్టింపైన రోజున అరవై కిలోల బండను దొర్లిస్తుంది. వాగు మధ్యలో మనిషెత్తు బండరాళ్లను చూసి, వీటిని ఇక్కడికి ఎవరు తెచ్చారని అడుగుతారు జనం. ఆ వాగే తెచ్చింది, మనం లేని రాత్రి.

*బాక్సు: కాలు ఎందుకు నిలవదు*

మోకాలి లోతు నీళ్లు సెకనుకు ఒక మీటరు వేగంతో, అంటే మనం నింపాదిగా నడిచేంత వేగంతో పారుతుంటే మన రెండు కాళ్ల మీద పడే తోపు సుమారు 6 కిలోల బరువుకు సమానం. తట్టుకోగలం. వేగం రెట్టింపైతే 24 కిలోలు. మూడు రెట్లైతే 54 కిలోలు, నిలబడటం అసాధ్యం. వేగం పెరిగిన దానికన్నా తోపు చాలా ఎక్కువగా పెరుగుతుంది. పైగా కింద బండ మీద కంటికి కనపడని నాచు పొర జిగటగా ఉంటుంది. తెల్లటి నురగంటే సగం గాలి, అది మనిషిని నీళ్లంత బాగా తేల్చలేదు. ఈత బాగా వచ్చినవాళ్లు కూడా జలపాతం అడుగున మునిగిపోయేది అందుకే. దూకే నీళ్లు అక్కడ మనిషిని కిందికి నెట్టి, సుడి మళ్లీ ధార కిందికే లాక్కొస్తుంది.

ఇంకొక మాట. రెండు వందల అడుగుల నుంచి పడే నీళ్లు గాలికి చెదిరి చినుకులవుతాయి, చినుకు వేగానికి గాలి హద్దు పెడుతుంది. అందుకే సన్నటి ధార కింద నిలబడితే హాయిగా ఉంటుంది. అదే ఎత్తు నుంచి జారిన రాయిని గాలి అంతగా ఆపలేదు. అది నెత్తిని తాకేది గంటకు సుమారు 120 కిలోమీటర్ల వేగంతో.

చెంచు ఇంటి అల్లుడు

హిరణ్యకశిపుణ్ణి చంపిన నరసింహస్వామి ఉగ్రం చల్లారక అడవులు పట్టి తిరుగుతూ ఈ కోనకు వచ్చాడనీ, ఇక్కడ చెంచుల ఆడపిల్ల చెంచులక్ష్మిని చూసి పెళ్లాడాడనీ పెంచలకోన కథ. అలిగిన ఆదిలక్ష్మి వాగు దాటి అవతలి ఒడ్డున ఉండిపోయింది. అమ్మవారి గుడి నేటికీ స్వామి గుడికి ఎడంగానే ఉంది. నల్లమలలోని అహోబిలంలో ఈ కథకు ఇంకొక రూపం ఉంది. అక్కడ చెంచులు నరసింహుణ్ణి తమ ఇంటి అల్లుడిగా చెప్పుకుంటారు. కనుమ నాడు మొదలయ్యే పారువేట ఉత్సవంలో స్వామి పల్లకీకి విల్లంబులతో ఎదురొస్తారు. ఈ కథను తెలుగువాళ్లు 1943లో ఒకసారి, 1958లో మరోసారి సినిమాగా కూడా చూశారు.

నెల్లూరు జిల్లాలో ఈ కోన ప్రభావం ఎంతదో తెలుసుకోవాలంటే ఓటర్ల జాబితా చాలు. పెంచలయ్య, పెంచలమ్మ లేని ఊరు అరుదు. జిల్లాలో ఎక్కువ సంఖ్యలో ఉన్న యానాదుల ఇళ్లలో ఈ పేర్లు మరీ ఎక్కువ.

విజ్ఞాన వ్యాసంలో ఈ కథకేం పని అనిపించవచ్చు. నాకు మాత్రం ఆ కథ జరిగిన చోటు ఆసక్తిగా కనిపిస్తుంది. ఘటిక సిద్ధేశ్వరం, భైరవకోన, పెంచలకోన, ఇంకా దక్షిణాన తలకోన, ఈ క్షేత్రాలన్నీ కొండ లోపలి వాగు బయటపడే చోటనే ఉన్నాయి. అంటే ఊటలు తేలే చోట. వేట మీద, దుంపల మీద, తేనె మీద బతికిన మనుషులకు వేసవిలో నీళ్లుండే చోటు తెలియడమంటే ప్రాణం దక్కడం. 1943లో నల్లమల చెంచుల మీద పుస్తకం రాసిన మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ కూడా, ఎండలు ముదిరితే వాళ్లు నీళ్లున్న చోటికి గుడిసెలు మార్చుకోవడాన్ని గమనించాడు. ఏ ఊట ఏ నెలదాకా ఉంటుందో వాళ్లు తరతరాలుగా గుర్తుపెట్టుకున్న లెక్క. మనం బోరు వేసేముందు జియాలజిస్టును పిలుస్తాం. ఆ పని గుడి కట్టడానికి ముందే ఎవరో చేసి పెట్టారు. వాళ్లు చెంచులే అయి ఉంటారని నా ఊహ. దేవుడికి చెంచుల పిల్లను ఇచ్చి పెళ్లి చేసిన కథలో ఆ చోటు మీద వాళ్ల హక్కును ఒప్పుకున్న జాడ కనిపిస్తుంది.

*బాక్సు: కొండవాళ్ల పేరున్న రాయి*

వాగు రూపాన్ని రాయి నిర్ణయిస్తుందనడానికి అరకు దగ్గర డుంబ్రిగుడ మండలంలోని చాపరాయి మంచి ఉదాహరణ. అక్కడ వాగు మెట్లు మెట్లుగా దూకదు, ఏటవాలుగా పరుచుకున్న వెడల్పాటి బండ మీద పలచగా జారుతుంది. గిరిజన ఊళ్ల నడుమ ఉన్న ఆ చోటుకు వచ్చినవాళ్లు థింసా నాట్యం కూడా చూసి వెళుతుంటారు. అరకు కొండల్లో ఎక్కువగా కనిపించే రాయి పేరు ఖోండలైటు. భూగర్భ శాస్త్రవేత్త టి.ఎల్. వాకర్ 1902లో ఒడిశాలోని కలహండి కొండల్లో ఈ రాయిని వర్ణించి, అక్కడి ఖోండులనే కోదుల పేరు దానికి పెట్టాడు. ఇవాళ ఈ రాయి గురించి చెప్పే ఏ దేశపు భూగర్భ శాస్త్ర పాఠంలోనైనా మన తూర్పు కనుమల గిరిజనుల పేరు వినిపిస్తుంది. ఆ సంగతి అరకు వెళ్లే పర్యాటకులకు మాత్రం ఎవరూ చెప్పరు.

చెట్టు సంగతి

పెంచలకోన చుట్టూ ఉన్న అడవిని పెనుశిల నరసింహ అభయారణ్యంగా 1997లో ప్రకటించారు. విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్ల పైన. ఈ కొండలతో పాటు శేషాచలం, పాలకొండలు, లంకమలల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెద్దగా పెరగని ఎర్రచందనం ఇక్కడ ఉంది. జానెడు మట్టి ఉన్న రాతినేలలో, పగుళ్లలోకి వేరు దింపి బతికే చెట్టు అది.

అడవి ఉంటే నీళ్లు ఉంటాయని అందరూ అంటారు. ఆ మాట సగమే నిజం. చెట్టు కూడా నీళ్లు తాగుతుంది, బాగానే తాగుతుంది. దట్టమైన అడవి నుంచి ఏడాది మొత్తమ్మీద వాగులోకి వచ్చే నీళ్లు బోడికొండ నుంచి వచ్చే వాటికన్నా తక్కువే ఉండవచ్చు. అడవి చేసే మేలు నీళ్ల మొత్తంలో లేదు, అవి వచ్చే వేళలో ఉంది. రాలిన ఆకు చినుకు దెబ్బను ఆపుతుంది, మట్టి కొట్టుకుపోకుండా పట్టుకుంటుంది, నీళ్లు బండ మీద జారిపోకముందే పగులు దాకా చేరడానికి వ్యవధి ఇస్తుంది. అడవి పోయిన కొండ అంతే వానకు నవంబరులో వరదగా నీళ్లన్నీ వదిలేసి, ఫిబ్రవరికి చేతులెత్తేస్తుంది. వేసవిలో గడ్డికి పెట్టే నిప్పు కూడా ఈ లెక్కలోదే. కాలేది ఎండుటాకే కదా అంటారు. ఆ ఆకే కొండకున్న ఒకే ఒక్క గొడుగు.

ఇది కొండల మీద ఉండేవాళ్ల సంగతి మాత్రమే కాదు. పెంచలకోన వాగే కిందికి వచ్చి కండలేరు అవుతుంది, కృష్ణపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. దాని మీద కట్టిన కండలేరు జలాశయం తెలుగుగంగ ప్రాజెక్టులో భాగమై చెన్నై దాకా నీళ్లిస్తుంది. ఆ జలాశయాన్ని నింపేది ప్రధానంగా సోమశిల నుంచి కాలువలో వచ్చే నీళ్లే కావచ్చు, కొండవాగుల మట్టి మాత్రం నేరుగా అందులోకే చేరుతుంది. ఉత్తరాన ఉదయగిరి, దుత్తలూరు వైపు పెద్ద జలాశయం లేదు. బొగ్గేరు, బీరాపేరు లాంటి వాగులూ, గొలుసు చెరువులూ, బోర్లే దిక్కు. కొండ పాదాల దగ్గర రాళ్లూ ఇసుకా పేరుకున్న వాలు నేలలో కోన వాగులు ఇంకిపోయే చోట నాలుగు రాతికట్టలు వేసి వాటి వేగం తగ్గిస్తే, కింది బావులకు జల అందుతుంది. పెద్ద ప్రాజెక్టు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే మెట్ట మండలాల్లో ఈ చిన్న పనికి ఎప్పుడూ డబ్బులుండవు. నా దృష్టిలో అదే అసలు లోపం.

వెళ్లేవాళ్లకు

వాగు చూడటానికి డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. తుపానుల కాలం దాటి ఉంటుంది, పగుళ్లు నిండుగా ఉంటాయి, నీళ్లు తేటగా పారతాయి. వైశాఖంలో బ్రహ్మోత్సవాలప్పుడు జనం ఎక్కువ, నీళ్లు తక్కువ.

అక్టోబరు, నవంబరుల్లో వెళితే మీ నెత్తి మీద ఆకాశాన్ని కాదు, పడమట కొండ కొసను చూడండి. జిల్లాకు వాతావరణ శాఖ ఆరెంజ్ లేదా రెడ్ హెచ్చరిక ఇచ్చిన రోజున వాగులో దిగవద్దు. నీళ్ల రంగు మారినా, ఆకులూ పుల్లలూ హఠాత్తుగా కొట్టుకొస్తున్నా, పైనుంచి వచ్చే శబ్దం బరువెక్కినా చెప్పులూ సంచులూ వదిలేసి వెంటనే గట్టెక్కండి. వాగు వెంబడి కిందికి పరిగెత్తకండి, నీళ్లు మీకన్నా వేగంగా పరిగెడతాయి. పక్కకు, పైకి ఎక్కాలి. అవతలి ఒడ్డున చిక్కుకుంటే దాటే ప్రయత్నం చేయకుండా అక్కడే ఎత్తైన చోట కూర్చోండి. చిన్న కోన వాగు ఎంత త్వరగా పొంగుతుందో అంత త్వరగా దిగుతుంది. వాన ఆగితే చాలాసార్లు కొద్ది గంటల ఓపిక సరిపోతుంది.

ఇది అభయారణ్యం కనుక జలపాతం దాకా పోనిస్తున్నారో లేదో గుడి దగ్గరే అటవీ సిబ్బందిని అడిగి కదలండి. షాంపూ ప్యాకెట్లు, ప్లాస్టిక్ సీసాలు తిరిగి తెచ్చుకోండి. ఆ నీళ్లే కింద పల్లెల్లో చెలమ తీసుకుని తాగేవాళ్లున్నారు.